పులుసు తగలని రూక

తాళ్ళవంతెన తెగి లోయలో పడిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే కాచమ, శరభుడు కొండ మలుపు తిరిగారు. తిరిగీ తిరగగానే ఇద్దరూ కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఎదురుగా అద్దాలకొండ. పొద్దు ఇంకా బారెడైనా ఎక్కలేదు, అయినా కొండంతా నిప్పు రాజుకున్నట్టు వెలుగుతోంది. ఏడు ప్రాకారాలు ఒకదాని మీద ఒకటి, తోమి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. మొదటిది ఇత్తడి, రెండోది కంచు, మూడోది రాగి; పైకి పోయేకొద్దీ వెండి, బంగారం, స్ఫటికం. ఏడోది ఏమిటో చూడడానికి కళ్ళు నిలవలేదు. గుమ్మాలకు పొదిగిన కెంపులు, బురుజుల మీద కలశాలు, కలశాల అంచున ముత్యాల కుచ్చులు. ఆకాశంలో పోతున్న కొంగలబారు ఆ గోడల్లో ఏడు బారులుగా కనబడింది. వాలబోయిన పావురం ఒకటి కాలు జారి, సిగ్గుపడ్డట్టు ఎగిరిపోయింది. ఎక్కడా ఒక ఎండుటాకు లేదు, బూజు పోగు లేదు. గాలి కూడా కాళ్ళు కడుక్కునే లోపలికి వెళ్తున్నట్టుంది.

"ఇంత ఇల్లు ఎవరు తోముతున్నారో పాపం," అంది కాచమ.

శరభుడు ఆమె వంక చూశాడు. రెండు రోజులుగా సరైన తిండి లేదు. వెనక వంతెన లేదు. ముందు మాంత్రికుడి కోట. ఈవిడకి తోమడం గుర్తొచ్చింది.

"అక్కా, ముందు లోపలికి ఎలా పోతామో చూడు."

"అదే చూస్తున్నాను దొరా. తోమేవాళ్ళు ఏ గుమ్మంలోంచి పోతారో వెతుకుతున్నాను."

కాచమ వెలగపురి టంకశాలలో అచ్చులు చెక్కే బొల్లన భార్య. శరభుడు పంచగిరిని ఏలే అయిదుగురు దొరల్లో రెండోకొండ దొరకు చిన్నకొడుకు. మామూలు రోజుల్లో అయితే ఆమె అతని ఎదుట నిలబడి ఇంత మాట్లాడేది కాదు. ఇవి మామూలు రోజులు కావు.

పంచగిరి కొత్త రాజ్యం. నూరేళ్ళు ఉగ్రసీమ చక్రవర్తికి కప్పం కట్టిన అయిదు కొండలు ఒక్కటై, అతని దండును తరిమి రెండేళ్ళయింది. అప్పటిదాకా సంతలో ఉప్పు కొన్నా ఆ చక్రవర్తి మొహం ఉన్న నాణెమే చేతులు మారేది. ఇప్పుడు సొంత రూక. దానికోసం అయిదు కొండల నుంచీ బొగ్గు తెచ్చి ఒకే కొలిమిలో పోశారు. ఆ తొలిమంటలో కాలిన వెండిబిళ్ళ మీద, దొరలందరూ చూస్తుండగా, బొల్లన మొదటి సుత్తిదెబ్బ వేశాడు. అదే మచ్చురూక.

తర్వాత కొట్టిన రూకలన్నీ చింతపండు పులుసులో మరుగుతాయి. ఆ పని టంకశాల ఆడవాళ్ళది. పులుసు పట్టగానే మంట నలుపు వదిలి వెండి మల్లెపువ్వులా తెల్లబడుతుంది. మచ్చురూకకు మాత్రం పులుసు తగలనివ్వరు. దాని మీది నల్లపొర అయిదు కొండల బొగ్గూ కలిసి పెట్టిన గుర్తు. ఆ పొర ఉన్నంతకాలం అది సాక్షి. దాన్ని పక్కన పెట్టి చూశాకే దొరలు కొత్త రూకను ఒప్పుకుంటారు. పొర పోతే అది కూడా వందలో ఒక రూక. ఆ మంటను మళ్ళీ ఎవరూ వెలిగించలేరు.

ఆ సాక్షి పట్టపగలు మాయమైంది. దాన్ని దాచిన లక్కపెట్టె బొల్లన దగ్గర ఉంది కాబట్టి దొంగ బొల్లనే అన్నారు. చక్రవర్తికి చేరవేశాడన్నారు. పున్నమినాడు తొలిరూకల పండుగ. ఆవేళ పొద్దు గుంకేలోగా మచ్చురూక రాకపోతే, అచ్చు చెక్కిన ఆ కుడిచేతిని మణికట్టు దగ్గర నరకాలని తీర్పు చెప్పారు. పున్నమి రేపే.

టంకశాల కిటికీ కింద కాచమకు ఒక గాజు ఈక దొరికింది. అలాంటి ఈకలు అద్దాలకొండ మాంత్రికుడు స్ఫటికాక్షుడి గోరువంకకే ఉంటాయని శరభుడికి తెలుసు. ఆ పూట టంకశాల కాపలా అతనిది. కాచమ వంటింట్లోంచి జొన్నరొట్టె వాసన వస్తే, రెండు రొట్టెలు తినేంతసేపు పక్కకు వెళ్ళాడు. ఆ మాట దొరల ముందు చెప్పాడు కూడా. కొడుకు పరువు పోతుందని తండ్రి వినిపించుకోలేదు. అందుకే ఇద్దరూ బయలుదేరారు. ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి టంకశాల పెద్ద ఇచ్చిన కడిగిన రూక ఒకటి కాచమ కొంగున ముడేసుకుంది.

"అదుగో," అంది కాచమ.

ఇత్తడి ప్రాకారం అడుగున చిన్న దిడ్డివాకిలి. పీచుకట్టలు, బూడిదతట్టలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరి లోపలికి పోతున్నారు. వాళ్ళలో మగపురుగు లేదు.

కాచమ మూట విప్పి రెండో చీర తీసింది. శరభుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, వద్దు. నేను గోడెక్కి వస్తాను."

"పావురానికే కాలు నిలవలేదు. కూర్చో. ఆ బాకు ఇలా ఇవ్వు."

"బాకెందుకు?"

"మీసానికి."

రెండోకొండలో మీసం తీయించుకోవడం తండ్రి పోయినప్పుడే. శరభుడు రెండు చేతులతోనూ మూతి మూసుకున్నాడు.

"మీసం మళ్ళీ వస్తుంది దొరా. చెయ్యి రాదు," అంది కాచమ మెల్లగా.

అతను చేతులు దించాడు. బాకు అంచు పెదవి మీద గీసుకోగానే లోయంతా మారుమోగేలా అరిచాడు.

"ముల్లు గుచ్చుకున్నా ఇంతే, తేలు కుట్టినా ఇంతే," అంది కాచమ. "నువ్వు మూగదానివి. అది జ్ఞాపకం పెట్టుకో. నోరు విప్పావా, ఇద్దరం పోతాం. మనతోపాటు వెలగపురి చెరసాలలో ఉన్న మా ఆయన చెయ్యీ పోతుంది."

దిడ్డివాకిలి దగ్గర తోమేవాళ్ళ పెద్ద దండెమ్మ నిలబడి ఉంది. లావుపాటి మనిషి. నడుముకు తాళాలగుత్తి, చేతిలో చింతబరికె.

"ఎవరమ్మా ఈ తాటిచెట్టు?"

"నా కోడలు అక్కా. కొత్తగా పనికొచ్చాం."

"ముసుగు తియ్యదేం? మాట్లాడదేం?"

"సిగ్గు. పైగా పుట్టుమూగ."

దండెమ్మ బరికె దించింది. ఆమె మొహంలో కొంచెంసేపు అసూయ కనబడింది. "ఏం పూజలు చేశావమ్మా. నాకూ ఉంది ఒకత్తె. నిద్రలో కూడా ఎదురు సమాధానం చెప్తుంది. రా, లోపలికి రా."

ఒక్కో ప్రాకారం దాటుతుంటే కళ్ళు చెదిరాయి. నేల అద్దం, కప్పు అద్దం. నడిచేవాళ్ళ కాళ్ళ కింద వాళ్ళే తలకిందులుగా నడుస్తున్నారు. మూడో ప్రాకారంలో గంగాళాలు కొండల్లా పేర్చి ఉన్నాయి. అయిదో ప్రాకారంలో గది గదంతా దీపస్తంభాలే, వాటి కొమ్మలకు కాసినట్టు పగడాల ప్రమిదలు. ఆరో ప్రాకారంలో ఉంది తొలివస్తువుల సావడి.

"అయ్యగారికి ఏదైనా తొలిదే కావాలి," అంది దండెమ్మ గొంతు తగ్గించి. "ఆ గుడ్డలో ఉన్నది కోసలపాటి నేలలో మొలిచిన తొలి వరికంకి. ఇప్పుడు ఆ ఊరి పంటంతా ఈయన చెప్పినట్టే పండుతుంది, చెప్పినట్టే ఎండుతుంది. ఆ సీసాలోది ఒక ఏటి తొలి చుక్క. తొలిది ఎవరి పీఠం మీద ఉంటే మిగతావన్నీ వాళ్ళ మాట వింటాయి. ఇవాళ ఏదో నాణెమట. దాని వెనకాల ఒక రాజ్యం నాణేలన్నీ నడిచొస్తాయట."

కాచమ పట్టుకున్న బూడిదతట్ట కొంచెం ఒరిగింది. సరిచేసుకుంది.

సావడి చివర పులుసుకుండ మరుగుతోంది. దాని పక్కన నేలలో పెద్ద తూము నోరు. కోట కడిగిన నీళ్ళన్నీ అందులోంచి కొండ దిగి ఏట్లో పడతాయి. ఆ ఏరు తూర్పుగా పోయి వెలగపురి పక్కనుంచి పారుతుంది. కాచమ అది చూసి ఉంచుకుంది.

అప్పుడు స్ఫటికాక్షుడు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, నురగలాంటి తెల్లబట్టలో ఉన్నాడు. గడ్డం లేదు, జడలు లేవు. కళ్ళగుంటల్లో రెండు స్ఫటికపు గోళాలు. భుజం మీద గాజు గోరువంక. తలుపు ముట్టుకుని చెయ్యి తుడుచుకున్నాడు. స్తంభం ముట్టుకుని మళ్ళీ తుడుచుకున్నాడు.

"కొత్తదానివా? చేతులు చూపించు."

కాచమ చాపింది.

"గోళ్ళు నల్లగా ఉన్నాయి."

"చింతపండు పని అయ్యా. పెళ్ళైనప్పటినుంచీ ఇంతే."

"అయితే ఈ పని నీదే." అతను పట్టుగుడ్డ విప్పాడు. గుడ్డ మధ్యలో, అయిదు కొండలు, వాటి మీద సూర్యుడు ఉన్న ముద్ర. కాలిన రొట్టెముక్కలా నల్లగా ఉంది మచ్చురూక. "మధ్యాహ్నానికి ఇది తొలిపీఠం ఎక్కాలి. ఇంత మురికిది నేను పీఠం మీద పెట్టను. తెల్లగా చెయ్యి. నేను చూస్తుంటాను."

రూక అరచేతిలో పడింది. సుత్తి కొంచెం పక్కకు పడి, అంచున ఒకచోట మందం. బొల్లన ఆ సాయంత్రమంతా దాని గురించే బాధపడ్డాడు. తోమితే మాంత్రికుడి పీఠం దీన్ని తొలిదిగా గుర్తుపట్టదు, రాజ్యం దక్కుతుంది. దొరలూ గుర్తుపట్టరు, చెయ్యి పోతుంది. తోమకపోతే రెండూ పోతాయి.

పనికి కూర్చోబోయే ఏ ఆడదైనా చేసేదే కాచమ చేసింది. కొంగు లాగి బిగించి నడుముకు దోపుకుంది. దోపుకోవడంలో ముడి విప్పింది. కడిగిన రూక ఎడమచేతిలోకి వచ్చింది, మచ్చురూక కుడిచేతిలో ఉంది. కుండ ముందు కూర్చుని, గరిటెను మోచేత్తో తట్టింది. వేడి పులుసు చిమ్మి మాంత్రికుడి తెల్లబట్ట మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

అతను కిందికి చూసుకున్నాడు.

"చూసుకోవద్దటే, తాటిచెట్టంత ఎదిగావు," అని కాచమ లేచి, పక్కనున్న కోడలి మూతి మీద ముసుగు సందులోంచి ఒక్కటి వేసింది. ఆ దెబ్బతో మచ్చురూక శరభుడి పళ్ళ మధ్యనుంచి నోట్లోకి దూరింది. ఆ చేత్తోనే అతని ముసుగు కిందికి లాగి, ఎడమచెయ్యి పులుసులో ముంచింది.

శరభుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవలేదు.

స్ఫటికాక్షుడు బట్ట మార్చుకుని వచ్చేసరికి కాచమ గుడ్డతో తుడుస్తున్న రూక పాలచుక్కలా మెరుస్తోంది. అతను దాన్ని ఎత్తి, తిప్పి చూసి, మొదటిసారి నవ్వాడు.

"ఇంత బాగా తోమినవాళ్ళు ఇదివరకు లేరు. భోజనం పెట్టించు," అని దండెమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ భోజనమే ప్రాణం మీదికి తెచ్చింది. వరండాలో ఆకులు వేశారు. దండెమ్మ స్వయంగా గంపెడన్నం వడ్డించి, మధ్యలో గుంట చేసి వేడివేడి బెండకాయ పులుసు పోసింది. ఇంగువ వాసన సావడంతా పట్టేసింది. రెండు రోజుల ఆకలి మీద ఉన్న శరభుడు ఆకు వైపు చూశాడు, కాచమ వైపు చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. నోట్లో ఒక చుక్క పులుసు పడితే చాలు, రూక తెల్లబడిపోతుంది.

"తినవేమమ్మా? సిగ్గా? నేను పెడతానుండు," అని దండెమ్మ ముద్ద కలిపి ముసుగు దగ్గరికి తెచ్చింది.

"దానికి నోము అక్కా," అంది కాచమ. "ఏడాదిపాటు పులుపు ముట్టదు. సంతానం కోసం."

"పిల్లలు కావాలనుకునేది పులుపు మానెయ్యడమేమిటమ్మా? పులుపు తినాలని కదా మనం దేవుళ్ళకి మొక్కేది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

"పోనీ పెరుగన్నం తిననీ. చాలా మంచి పెరుగు, కాస్త పులిసింది అంతే," అంది దండెమ్మ.

శరభుడు అడ్డంగా తల ఊపాడు. అతని కంటినుంచి ఒక చుక్క జారి ఆకులో పడింది. అది చూసి దండెమ్మ మనసు కరిగింది. "అయ్యో, నిష్ఠగల పిల్ల," అని ముద్ద తన నోట్లో వేసుకుంది.

అంతలో గంట మోగింది. పనివాళ్ళందరూ ఆకులు వదిలి సావడి గుమ్మం దగ్గర గుమికూడారు. లోపల స్ఫటికాక్షుడు తెల్లని రూకను తొలిపీఠం మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఏదో గొణిగాడు. వరికంకి వెలిగింది. ఏటి చుక్క వెలిగింది. అరల్లోని తొలివన్నీ ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. రూక వెలగలేదు. అతను మళ్ళీ గొణిగాడు. వంగి రూకకు చెవి ఆనించాడు.

"ఇది తొలిది కాదు," అన్నాడు నెమ్మదిగా. "దీనికి ముందు ఎన్నో ఉన్నాయి. దీన్ని తోమిన ఆడదేదీ?"

కాచమ అప్పటికే వంటపొయ్యి దగ్గరుంది. స్ఫటికాక్షుడు చప్పట్లు చరిచాడు. సావడిలో, వరండాలో, మెట్ల మీద, మెరిసే ప్రతి గంగాళంలోంచీ చెంబులోంచీ నీడలు లేచి బయటికి అడుగుపెట్టాయి. అన్నీ కాచమలే. అన్నీ పొడుగాటి కోడళ్ళే. ఎడమచేతుల్లో కత్తులు. శరభుడు చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, బాకు దూసి, తనలాంటి ఒకదాని కత్తిని ఆపాడు. నరికితే గాజులా పగిలి, రెండుగా లేచింది. రెంటినీ నరికితే నాలుగయ్యాయి.

"నరక్కు దొరా, పెరుగుతాయి," అని కాచమ అరిచింది. పొయ్యి మీది పెద్ద పెనం బోర్లించి, అడుగున పట్టిన మసంతా గోకి, ఆముదంలో కలిపి, రెండు చేతులతో దగ్గరున్న గంగాళాలకు పులిమింది. గంగాళం నల్లబడగానే దానిలోంచి వచ్చిన కాచమ మొహం లేకుండా నిలబడి, నేల మీదికి నీళ్ళలా జారిపోయింది. ఆమె ముందుకు ఉరికింది. చెంబు, బిందె, తాంబాళం, అందినదానికల్లా మసి పులుముకుంటూ పోయింది.

"పొద్దుటినుంచీ తోమానే, చచ్చీ చెడీ తోమానే," అని దండెమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆమె కాళ్ళ దగ్గరే ఒక అద్దపు కాచమ కత్తి ఎత్తింది. దండెమ్మ ఒక్క క్షణం చూసి, పక్కనున్న బూడిదతట్ట ఎత్తి దాని మొహాన కొట్టింది. "నా వరండాలో కత్తులేమిటే," అని పళ్ళు నూరింది.

దారి తెరుచుకుంది. కాచమ, శరభుడు తూము దగ్గరికి చేరారు. వెనక స్ఫటికాక్షుడు మసి అంటిన నేల మీద కాలు పెట్టలేక గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని మొహం వంకర్లు పోతోంది. "విల్లు," అన్నాడు. గాజు గోరువంక ఒక విల్లూ బాణమూ తెచ్చి చేతిలో పెట్టింది.

తూములో నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. కోటలోని కుండలన్నీ పారబోసిన చింతపండు నీళ్ళు. చిక్కగా, నురగతో, ముక్కు పగిలే పులుపుతో. అక్కడినుంచి నిటారుగా కొండ దిగి, ఏట్లో పడి, బతికుంటే తెల్లవారేసరికి వెలగపురి. వేరే దారి లేదు.

కాచమ శరభుడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఇల్లు దాటే పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"ముక్కు మూసుకో. పెదాలు బిగించు. మునిగినా, రాయి తగిలినా, ఊపిరాడకపోయినా నోరు తెరవకు. ఒక్క గుక్క లోపలికి పోయిందా, మా ఆయన జీవితంలో మళ్ళీ సుత్తి పట్టడు. అర్థమైందా?"

అతను తల ఊపాడు. ఇద్దరూ దూకారు.

దూకిన క్షణంలోనే వింటినారి మోగింది. చీకటి తూములో కొంత దూరం దొర్లి, కొండ పక్కన వెలుగులోకి జలపాతంలా ఊడిపడేటప్పుడు కాచమ కళ్ళు మంటలెత్తుతుంటే తెరిచి చూసింది. శరభుడు ఆమె పక్కనే పడిపోతున్నాడు. చీర చిరిగి గాలిలో కొట్టుకుంటోంది. కుడిభుజంలో జానెడు గాజుబాణం దిగి ఉంది. దానివెంట ఎర్రని చార పులుసు నీళ్ళలో సాగుతోంది. మొహం పాలిపోయింది, మెడనరాలు ఉబ్బాయి.

ముల్లు గుచ్చుకుంటే లోయంతా వినబడేలా అరిచే మనిషి, నోట్లోని రూక కోసం రెండు పెదాలూ రక్తం వచ్చేలా బిగించుకుని, ఆమె వైపే చూస్తూ, ఏటి నురగలోకి మునిగిపోయాడు.